ఆగి ఆడే ఆట

అంబాజీపేటలో కొబ్బరికాయ వలవడంలో అబ్బులుకు సాటి లేరు. నేలలో పాతిన గునపం మీద మూడు పోట్లు, పీచు డొక్క ఊడి కాయ చేతికొస్తుంది. పదిహేడేళ్ళుగా అదే పని. చేతులు వాటంతటవే నడుస్తాయి. బుర్రతో పనిలేదు.

బుర్రకు పని ఫోన్లో దొరికింది. అదొక యుద్ధాల ఆట. మన వైపు నలుగురు వీరులు, ఎదురుగా రాక్షసులు. వాళ్ళు ఒక దెబ్బ వేశాక ఆట ఆగుతుంది. మనం తేల్చుకునేదాకా కదలదు. ఎవరిని ముందుకు పంపాలి, గాయాలు మాన్పే వైద్యురాలిని ఎందాకా దాచాలి అని అబ్బులు ఒక్కోసారి భోజనాల వేళంతా ఆలోచించేవాడు. చదివింది ఏడో తరగతి. ఆటలోని ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే, లారీకి కాయలెత్తే ఉదయ్ కిరణ్‌ని అడిగి నేర్చుకున్నాడు.

మూడేళ్ళు ఎదురుచూశాక రెండో భాగం వచ్చింది. అందులో ఆగడం తీసేశారు. రాక్షసుడు మీద పడుతూనే ఉంటాడు, మనం నొక్కుతూనే ఉండాలి. అబ్బులు రెండు పోరాటాలు ఆడి పక్కన పెట్టాడు.

ఆ కొత్త ఆటలో నాలుగు రోజులుగా మొదటి కోట దగ్గరే చతికిలబడ్డ ఉదయ్, తన ఫోన్ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అబ్బులు బొటనవేళ్ళు కదిలాయి. రాక్షసుడు కూలాడు. చుట్టూ చేరినవాళ్ళు ఈలలు వేశారు.

"నీ చేతుల కోసమే చేసినట్టున్నారు బావా," అన్నాడు ఉదయ్.

"అదేరా. పొద్దున్నించి కాయలు వలిచి, మళ్ళీ ఇక్కడా వలవమంటన్నారు."

"గెలిచేవు కదా."

"చేతులు గెలిచేయి. నేను ఆడలేదు."

తన ఫోన్లోంచి రెండో భాగం తీసేశాడు. తీసేసే ముందు, అభిప్రాయం రాసే చోట ఒక్క స్టార్ ఇచ్చి తెలుగులో రాశాడు: "మొదటి ఆటలో ఆలోచించుకోనిచ్చారు. ఇందులో ఎందుకు లాక్కున్నారు?"

ఉదయ్ నవ్వాడు. "చేసినోళ్ళు ఏ దేశంలో ఉన్నారో. వాళ్ళకి తెలుగెక్కడొస్తది?"

"ఎవర్నో అడిగి తెలుసుకుంటారు. నేను తెలుసుకోలేదా?"

మొదటి ఆట తెరిచాడు. ఆరుసార్లు గెలిచిందే. ఈసారి వైద్యురాలు లేకుండా ముగ్గురితోనే గెలవాలనుకున్నాడు.

"ఏం అబ్బులూ, లారీ వచ్చేసింది," కొట్టు యజమాని గంగరాజు గారు కేకేశారు.

"ఆయ్, వస్తన్నానండి."

తెరమీద రాక్షసుడు కత్తి ఎత్తి నిలబడి ఉన్నాడు. అబ్బులు ఫోన్ జేబులో వేసుకుని గునపం దగ్గరికి నడిచాడు. సాయంత్రం దాకా నిలబడనీ.