కలర్ కార్డు ఎంచుకున్నది నేనే

ఒక మనిషి చేతిలోంచి అతని పని లాగేసుకున్నాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఈ మాట ఒకరికి చెప్పడం ఇదే మొదలు. దొంగతనం చేసినవాడికైనా జైలుంటుంది. నాకు మెళ్ళో దండ వేశారు. అదే నా ఒళ్ళు మండించేది.

ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకొచ్చానని ఒళ్ళంతా పొగరు. ఓనరు గారు సీసపు అక్షరాల బదులు కంప్యూటర్ మీద తెలుగు కంపోజింగ్ పెడదామనుకున్నారు. మిషన్ ఎంచి తెమ్మని నన్నే గుంటూరు పంపారు.

షాపతను ఓపిగ్గా విడమరచి చెప్పాడు. తెర మీదికి బొమ్మను పంపేది లోపలుండే గ్రాఫిక్స్ కార్డట. కలర్ కార్డు పైనుంచి కిందికి రెండు వందల గీతలే గీస్తుందట, నలుపు-తెలుపు కార్డయితే దాదాపు మూడు వందల యాభై. అక్షరాల పనికి నలుపు-తెలుపే తీసుకోండి, కలర్‌లో తెలుగు వత్తులు అలుక్కుపోతాయి అన్నాడు. విన్నాను. అర్థమైంది కూడా. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు. అయినా కలర్ కార్డు వేసిన మిషనూ, దానికి తగ్గ కలర్ మానిటరూ కట్టించుకుని బస్సెక్కాను. ఎందుకు? పేటలో ఎవరి దగ్గరా లేని రంగుల తెర ముందు నేను కూర్చుంటే జనం నోరెళ్ళబెట్టాలి. అంతే! పైన పటారం, లోన లొటారం.

నోరెళ్ళబెట్టారు కూడా. తెర మీద రంగుల చారలు చూసి, ఇక శుభలేఖలన్నీ రంగుల్లోనే వస్తాయని ఓనరు గారు అందరికీ చెప్పుకున్నారు. తెర వేరు, కాగితం వేరు, అచ్చయ్యేది నలుపే అని నేను చెప్పలేదు. దండ వేస్తుంటే మెడ వంచాను.

మస్తానన్న మా ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్. అద్దంలోలా తిరగబడి ఉండే సీసపు అక్షరాలను ఇరవై ఏళ్ళుగా తిరగేసి చదివే మనిషి. కీబోర్డు నెల రోజుల్లో పట్టేశాడు. తెర మీదిది మాత్రం చదవలేకపోయాడు. ఒకరోజు ఓనరు గారి ముందే అడిగాడు.

"తమ్ముడూ, వత్తులన్నీ కలిసిపోయి కనపడతన్నయ్యి. నాకేనా, నీక్కూడానా?"

"నాకు శుభ్రంగా కనపడతన్నయ్యన్నా. నువ్వోసారి కళ్ళు చూపించుకో."

"ఏంది మస్తానూ, చూపు తగ్గిందని ముందే చెప్పొద్దా?" అన్నారు ఓనరు గారు.

ఛీ! నాకు మాత్రం కనపడి చచ్చాయా? కాగితం మీద అచ్చు తీసుకుని, ఎవరూ చూడకుండా దిద్దుకునేవాణ్ణి. కార్డు మారుద్దామని ఒక్క మాటంటే పోయేది. కానీ అలా అంటే నా ఎంపిక తప్పని తేలుతుంది. నా తప్పు తేలకూడదని అతని కళ్ళు తప్పని తేల్చాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నా నోట ఆ అబద్ధం!

కళ్ళ డాక్టరు ఏ దోషమూ లేదన్నాడట. మస్తానన్న డాక్టరును నమ్మలేదు, నన్ను నమ్మాడు. కంప్యూటర్ చదివినవాణ్ణి కదా నేను! చూపులేనివాడు కంపోజింగ్ చేస్తే అచ్చుకిచ్చినవాళ్ళని మోసం చేసినట్టేనని, మిగిలిన సీసం పని కూడా తనే వదులుకున్నాడు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో రాళ్ళు మోయడానికి వెళ్ళాడు. ఓనరు గారు ఆపలేదు. ఆయన మీదా నాకు కోపమే. ఆయన్ని తిట్టుకుంటే నా వాటా తగ్గుతుందా?

కొన్నేళ్ళకు బస్టాండులో కనపడ్డాడు. బెంచీ చెక్క పేడు నా వేలిలో దిగితే చెయ్యి పట్టుకుని, కళ్ళద్దాలు లేకుండానే, నాకే కనపడని ఆ పేడును గోళ్ళతో లాగేశాడు. ఆ వెంటనే జేబులోంచి కూతురి ఉత్తరం తీసి, "చదివి పెట్టు తమ్ముడూ, నాకు చూపు లేదుగా" అన్నాడు.

చదివాను. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివాను. నీ కళ్ళకేం కాలేదన్నా అని మాత్రం అనలేదు. అప్పుడైనా ఎందుకనలేదు? భయమా, సిగ్గా? పేరేదైనా పిరికితనమే.

మస్తానన్న పోయాడు. అచ్చును తిరగేసి చదివే మనిషి, చివరిదాకా ఎదుటివాళ్ళ చేత ఉత్తరాలు చదివించుకుని పోయాడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఉన్నా అడిగే మొహం నాకు లేదు. ఇప్పుడు మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు కోపమొస్తోంది.