క్రాన్‌బెర్రీ రసానికి వాటాలు

అబ్బ, ఆ వార్త చదివిన పొద్దున నేను కుదురుగా కూర్చుంటే ఒట్టు! పొయ్యి మీద పాలు పొంగిపోతా ఉన్నా ఫోను వదల్లా. ఎక్కడో చలిదేశాల్లో కాసే క్రాన్‌బెర్రీ అనే ఎర్రకాయ రసం తాగితే బీపీ తగ్గుతుందా అని శాస్త్రవేత్తలు పరిశోధనలు చేస్తున్నారంట. కొందరిలో రవ్వంత తగ్గిందంట, కొందరిలో ఏ తేడా లేదంట. అంటే సంగతి ఇంకా తేలలేదన్నమాట! ఏళ్ళ తరబడి హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, తేలని సంగతి కనపడితే ఊరుకుంటానా?

పైగా అవసరం కూడా ఉండింది. విడవలూరు దాటినాక సముద్రం ఒడ్డున నేనుండే వీధిలో అందరూ వేటకు పోయేవాళ్ళే. మా పక్కింటన్న పడవ నడిపే మనిషి. కంట్లో శుక్లం ముదిరి, ఒడ్డు గుర్తులు చూపుకు ఆనక, పడవ దిగి ఇంట్లో కూర్చున్నాడు. ఆపరేషన్‌కని నెల్లూరు పోతే బీపీ ఎక్కువుందని రెండుసార్లు తిప్పి పంపినారు. మళ్ళీ తిప్పి పంపితే పడవ దారి తిప్పే సుక్కాను ఇంకెవరికైనా ఇచ్చేస్తా, సముద్రం మొహం చూడనన్నాడు. ఆ మాటన్న రోజు వదిన అన్నం ముట్టలా.

"అన్నా, నీ మీద పరిశోధన చేస్తా," అన్నాను.

"చెయ్యి టీచరమ్మా. చేపను కోసినట్టు కొయ్యకుండా ఉంటే చాలు," అన్నాడు.

నెల్లూరు నుంచి చక్కెర కలపని రసం సీసాలు తెప్పించినా. రుచి చూస్తే మన వాక్కాయే గుర్తొచ్చింది, అంత వగరు, పులుపు. అన్నతో కలిపి ఆ పడవలో ఆరుగురూ ఒక ఈడువాళ్ళే, ఆరుగురూ బీపీ మాత్రలు మింగేవాళ్ళే. అందర్నీ నా వరండాలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టినా.

"ముగ్గురికి అసలు రసం. ముగ్గురికి నిమ్మకాయ నీళ్ళలో మిఠాయి రంగు కలిపిన ఎర్రనీళ్ళు. ఎవరికేదో చెప్పను. మాత్రలు మానేదానికి లేదు, ఉప్పుచేప ముట్టేదానికి లేదు. మాట తప్పినోడు నా గుమ్మం ఎక్కొద్దు!"

"సరే సరే," అని తలలూపినారు. అంత బుద్ధిగా ఊపినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

చీటీలు వేస్తే అన్నకు ఎర్రనీళ్ళు పడినాయి. చీటీ మార్చేద్దామా అని చెయ్యి లాగింది. ఊహూ, పరిశోధనంటే పరిశోధనే అని పళ్ళు బిగబట్టుకుని ఎవరి సీసా వాళ్ళకిచ్చి పంపినా.

రెండు రోజులు పోయినాక, చర్చి నుంచి వస్తా వస్తా ఉంటే అన్నావాళ్ళ వాకిట్లో ఒకటే నవ్వులు. పోయి చూస్తే, ప్రభువా! మధ్యలో స్టీలు బకెట్టు. ఆరు సీసాలూ అందులో కుమ్మరించేసినారు. వదిన గరిటెతో కలిపి గ్లాసుల్లోకి కొలిచి పోస్తా ఉండాది.

"ఏందిది? కొంప ముంచినారు గదయ్యా! నా పరిశోధనంతా నాశనం!"

"అరవబాకమ్మా, బీపీ వస్తది," అన్నాడు వాళ్ళల్లో ఒకాయన. అందరూ గొల్లుమన్నారు.

అన్న మాత్రం నెమ్మదిగా చెప్పినాడు. "ఒకరి గ్లాసు ఒకరు రుచి చూసినాం. ఒకటి వగరు, ఒకటి ఉత్త పులుపు. తెలిసిపోయింది. ఒకడికి చేపా, ఒకడికి నీళ్ళా? మా పడవలో అట్టా కుదరదమ్మా. ఏది వచ్చినా వాటాలే."

ఇంకో కేక వెయ్యబోయినా. ఈలోపు ఐదుగురూ ఎవరి గ్లాసులోంచి వాళ్ళు తలా కొంచెం అన్న గ్లాసులోకి వంచినారు. ఎవరూ అడగలా, ఎవరూ చెప్పలా. ఒంట్లో బాగాలేక ఒడ్డున ఉండిపోయిన మనిషికీ వాటా తీసే పద్ధతి వాళ్ళది. పోతే పోయిందిలే పరిశోధన!

"నాక్కూడా ఒక గ్లాసు పొయ్యి వదినా," అన్నాను.

ఆరోజు నుంచి సాయంత్రమైతే నా వరండాలో తిరనాళ్ళే. బీపీ మిషను ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరిగేది. మాత్రలు అందరి ముందరే మింగాలి. "టీచరమ్మా, వీడింట్లో ఉప్పుచేప వేపిన వాసన!" అని ఒకరి మీద ఒకరు చాడీలు. నేను నడుం మీద చేతులేసుకుని విచారణ చేసేదాన్ని.

ఈసారి అన్నతో నెల్లూరు ఆసుపత్రికి నేనూ పోయినా. బీపీ చూసే పట్టీ అన్న చేతికి బిగుసుకుంటా ఉంటే ఇక్కడ నా ఊపిరి బిగుసుకుంది. నర్సమ్మ అంకె చూసింది, రాసుకుంది, నోరు విప్పదే!

"ఎంతమ్మా? చెప్పు తల్లీ!"

"ఆపరేషన్ చెయ్యొచ్చు."

ఎగిరి గంతేసినా, ఈ వయసులో! వదిన నన్ను పట్టుకుని ఏడ్చేసింది. డాక్టరుగారికి రసం కథంతా ఒక్క గుక్కలో చెప్పినా.

"రసం పనో, మాత్రల పనో, ఉప్పు మానిన పనో ఎట్టా తేలుస్తారు టీచర్‌గారూ?" అని ఆయన నవ్వినాడు.

"తేల్చలేను సార్! అంతా కలిపేసినారు!" అని నేనూ నవ్వినా.

కన్ను కుదుటపడి, సముద్రం మీదకి పోవచ్చని డాక్టరుగారు చెప్పినాకే అన్న మళ్ళీ సుక్కాను పట్టినాడు. ఆ పొద్దున నేను ఒడ్డునే కాచుకోని ఉన్నా. పడవ నేరుగా వచ్చి ఇసకను తాకింది. చేపలు కుప్పలు పోసినారు. వాళ్ళ పంపకం చూడాల్సిందే. ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు, ఇంకొకడు ఒక కుప్ప చూపించి ఎవరిదని అడుగుతాడు. చూడకుండా ఏ పేరు చెప్తే ఆ కుప్ప వాళ్ళది, తగాదా ఉండదు. నా చీటీల పని కూడా ఇదే గదా అని నవ్వొచ్చింది.

మనుషులకు ఆరు, పడవకు ఒకటి, ఏడు కుప్పలుండాలి. చూస్తే ఎనిమిదున్నాయి. నేను ఊరుకుంటానా?

"ఒక కుప్ప ఎక్కువేసినారు!" అని కేకేసినా. వాళ్ళు పంపకం మొదలుపెట్టేసినారు.

ఆరోజు వెనక్కి తిరిగింది అన్నే. కళ్ళు సముద్రం వైపున్నాయి.

"ఇది ఎవరిది?"

"టీచరమ్మది."

"నాకెందుకన్నా? నేను పడవెక్కలేదు గదా!"

"ఒడ్డున ఉండేవాళ్ళకీ ఉంటదమ్మా," అన్నాడు తిరక్కుండానే.

కొంగు పట్టి ఆ కుప్ప పోయించుకున్నా. ఆ పూట నా బీపీ ఎవరూ చూడకపోవడమే మంచిదైంది.