పిలిచి విడిచిన జాగ

మా పక్కింటి లెక్కల టీచరమ్మ పోయిందని మొన్న పొద్దుగాల ఖమ్మంల నేను పనిచేసే లారీ షెడ్డుకు కబురొచ్చింది. చేతిల పని ఆడనే పడేసి దమ్మపేట బస్సెక్కిన. "పనైనంక పోరాదురా" అన్న ఓనర్‌ను నేనేమన్ననో ఇక్కడ రాయను.

ఆమెను పిచ్చి టీచరమ్మ అన్నోళ్లున్నరు. ఆ పిచ్చే మా నాయనను మాకు దక్కించింది.

మా నాయన బొగ్గుబాయిల చేసి రిటైరైండు. లోపలి పేలుళ్లకు చెవులు పోయినయి. ఒకసారి తప్పిపోయిన మేక కోసం అడవిలకు పోయిండు. మేక పొద్దుగూకకముందే ఇంటికొచ్చింది. ఆయన రాలే. తెల్లారి ఊరంతా కదిలి, గొంతులు పోయేదాక అరిచినం. "ఈ పక్క లేడు, గుట్ట దాటిండు" అని పెద్దమనుషులు తేల్చేసిండ్రు. గుట్టవతల అడవికి అంతున్నదా? ఒళ్లు మండి అందర్నీ తిట్టిన.

టీచరమ్మ మా వాకిట్ల కూసొని పుల్లతోని గళ్లు గీసింది. ఇది వాగు, ఇవి వెదురు పొదలు, ఇది గుట్ట. అందరి చేతుల్ల చింతగింజలు పోసి, "ఏడ ఉన్నడనిపిస్తే ఆడ పెట్టుండ్రి. నమ్మకం ఎంతుంటే గన్ని" అన్నది. సముద్రంల పోయిన ఓడలను గిట్లనే వెతుకుతరని ఏదో పుస్తకంల చదివిందట. మేకలు మేసేది ఆడనే అని వెదురు పొదల మీద పెద్ద కుప్ప పడ్డది.

"ఆడ పొద్దుగాలనే అయిపోయింది" అని నేను కుప్ప మొత్తం ఎత్తబోయిన. చెయ్యి పట్టుకున్నది.

"చూసినవా, పిలిచినవా?"

"పిలిచినం. పలకలే."

"మీ నాయన ఎన్నడన్న పిలిస్తే పలికిండారా?"

ఎవడో కిసుక్కున నవ్విండు. నేను చెయ్యి ఎనుకకు తీసుకున్న.

"పొద పొద జరిపి చూసి రా, అప్పుడు కొన్ని తీద్దాం. అప్పుడు గూడ మొత్తం తియ్యనియ్య, వెదురుల కన్ను మోసపోతది. వట్టిగ పిలిచినందుకైతే ఒక్క గింజ గూడ కదలదు."

ఒకరికొకరు కనబడేటట్టు వరుస కట్టి పోయినం. పొదల కింద కాలు విరిగి, దూపకు సోలిపోయి ఉన్నడు. నీళ్లు తాగినంక మొదటి మాట తిట్టే: "ఇంతమంది ఉండి ఒక్కడన్న పిలువొద్దారా!"

ఆ తర్వాత ఆమె పుస్తకాలు అడిగి తెచ్చుకొని నా అంతల నేనే చదువుకున్న. ఇంట్ల పానా కనబడక "లేదు" అని అరిస్తే గోడవతల నుంచి అడిగేది, "లేదా, దొరకలేదా?" ఇప్పుడు షెడ్డుల పోరగాళ్లను నేను గట్లనే సతాయిస్త.

మొన్న ఆమెను వాకిట్ల పండబెట్టిండ్రు. మా నాయన కట్టె పొడుచుకుంట వచ్చిండు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెల్వది గద. "టీచరమ్మా!" అని వాడంతా అదిరేటట్టు పిలిచిండు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ఆమె మీదికి వంగి, అట్లనే నిలబడ్డడు.

ఆయనను పక్కకు జరుపుదామంటే ఎవ్వరికీ చెయ్యి రాలే.