సరస్సు ఒడ్డున వల అల్లిన మధ్యాహ్నం

హైదరాబాద్‌లో చిత్రకళ చదువుకుంటున్నప్పుడు మా కాలేజీ నుంచి కొందరిని ఒక వేసవికి ఇటలీ పంపారు. ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టే మనిషి కూతురిని, నేనూ వాళ్ళలో ఉన్నాను. ఊళ్ళు తిరుగుతూ, ఎక్కడ ఆగితే అక్కడ కూర్చుని బొమ్మలు వేయడమే అక్కడ మా చదువు.

మొదట్లో అందరూ చర్చిలు, గంట గోపురాలు గీస్తుంటే నేనూ అవే గీశాను. మా వెంట వచ్చిన మేడమ్‌ది వరంగల్. ఆవిడ నా కాగితాలు తిరగేసి, "మంచిగనే ఉన్నయ్. కానీ గిండ్ల నువ్వు యాడున్నవ్?" అన్నారు. రెండు రోజులు పెన్సిల్ ముట్టుకోబుద్ధి కాలేదు.

తర్వాత ఒక సరస్సు పక్క పల్లెకు చేరాం. బస్సు దిగగానే పచ్చి చేపల వాసన, తడి దారం వాసన. హైదరాబాద్ నుంచి మన్నెగూడ దాటి ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి వచ్చేసినట్టే అనిపించింది. ఒడ్డున ఒక ముసలామె చిరిగిన వల బాగుచేస్తోంది. ఎదురుగా కూర్చుని ఆమెను గీయడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె బొమ్మ చూసి నవ్వి, వల కొస ఒకటి నా ఒళ్ళో వేసింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. సూది అందుకుని, చిన్నప్పుడు చెరువు గట్టున మా బాపు పక్కన కూర్చుని నేర్చుకున్నట్టే ముడి వేశాను. ఆమె నా చేతుల వంక చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

ఎంతసేపు అల్లామో. తలెత్తితే మేడమ్ ఒడ్డు మెట్ల మీద కూర్చుని మా ఇద్దరినీ గీస్తున్నారు.

ఆగలేక బాపుకు వీడియో కాల్ చేశాను.

"అరే, గాడ సుత గిదే పనా బిడ్డా?"

"అవ్ బాపు. గిదే వల, గిదే ముడి."

"ఫోను జర గామె దిక్కు తిప్పు."

తిప్పాను. బాపు దండం పెట్టాడు. ఆమె ఏదో చెబుతూ, తాను పట్టిన చేప ఇంత పొడవని చేతులు చాపి చూపింది. బాపు ఫోను మా అమ్మ చేతికిచ్చి, రెండు చేతులూ ఇంకా వెడల్పుగా చాపాడు. "గొప్పలకేం తక్కువ లేదు!" అని అమ్మ గొంతు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే ఎందుకో ఏడ్చాను కూడా.

ఆ తర్వాత గోపురాల జోలికి పోలేదు. వలలు, పడవలు, తడి చేతులు గీశాను. ఇప్పటికీ ఎక్కువగా అవే గీస్తున్నాను.

ఆ పల్లెకు మళ్ళీ వెళ్ళలేదు. అక్కడి నుంచి మేం బయల్దేరిన పొద్దున ఆ ముసలామె వేయించిన చేపలు కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది. బస్సంతా వాసన. మేడమ్‌తో సహా అందరం ఎగబడి తిన్నాం. చేతులన్నీ నూనె. ఆ రోజు ఎవరమూ బొమ్మ వేయలేదు.