కొంగలకో కొమ్మ

ఏలూరులో మా అమ్మాయి గదికి రంగులేయడానికి వచ్చిన పెయింటరుగారిది కొల్లేటి లంక. ఒక్కో గోడ పూర్తవగానే నిచ్చెన దిగి, గుమ్మంలో నిలబడి, మెడ వంచి చూసుకునేవారు. నీలం రంగు ఆరాక, చిరిగిన పాత పువ్వుల బోర్డరు పీకేసి, ఎగిరే కొంగల కాగితం బోర్డరు గది చుట్టూ అంటించారు. పని అయిపోయినా గుమ్మంలోంచి కదల్లేదు.

"ఏవండీ, ఇవెక్కడ వాలతాయండీ?"

"కాగితం కొంగలు కదండీ!" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "అయినా ఎంతసేపని ఎగురుతాయండీ?"

ఆయన వెళ్ళాక చూస్తే, కిటికీ తలుపులకి వేయగా మిగిలిన గోధుమ రంగుతో బోర్డరు కింద ఓ కొమ్మ గీసి ఉంది. మా ఆవిడ చెరిపించమంది. అమ్మాయి ఒప్పుకోలేదు.

ఇప్పటికీ నిద్ర లేవగానే ఆ కొమ్మ వంకే చూస్తుంది, రాత్రి ఏదైనా వాలిందేమోనని.