సిరిసిల్ల నుంచి ఒక పాత పలకరింపు

నా ఉద్యోగం ఏమిటని కోరుట్లలో ఎవరైనా అడిగితే, వేరేవాళ్లు రాసినదాంట్లో తప్పులు వెతకడం అని చెబుతాను. దానికి జీతం కూడా ఇస్తారా అని ఆశ్చర్యపోతారు. వాళ్లంతా ఆ పని ఉచితంగానే చేస్తున్నారు మరి.

మాది ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్. ఎక్కడో ఉన్న కంప్యూటర్ ముందు మా సర్వర్‌ను పలకరిస్తుంది, సర్వర్ బదులిస్తుంది, ఆ తర్వాతే ఫైళ్లు కదులుతాయి. ఆ పలకరింపులో ఎవరు ఒక్క అక్షరం మార్చినా నేను చదివి ‘సరే’ నొక్కాలి. మేడమీది రేకుల గదిలో కూర్చుని నొక్కుతుంటాను.

ఆ వానాకాలం, హైదరాబాద్ ఆఫీసులోని సహోద్యోగిని ఒక మార్పు పంపింది: పాత పలకరింపును తీసేయడం. దాన్ని ఇంకా వాడేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందేనని జాబితా కూడా జతచేసింది. వీళ్లు ఏ మ్యూజియంలో ఉన్నారో అని వీడియో మీటింగ్‌లో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ జాబితాలో మా బావ ఉన్నాడు.

బావ సిరిసిల్లలో మరమగ్గాల చీరలకు డిజైన్లు గీస్తాడు. అవి మగ్గాల సేట్లకు మా సర్వర్ మీదుగానే అందుతాయి. జగిత్యాలలో కొన్న అతని పాత కంప్యూటర్‌లో, ఉద్యోగం వచ్చిన కొత్తలో గొప్ప కోసం, ఈ సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే. నిరుడు ‘చిన్న అప్‌డేట్’ అని ముట్టుకుంటే రంగుల వరుస తారుమారైంది. ఒక బీము నూలుకు వచ్చే చీరలన్నీ తప్పుడు రంగు బార్డర్‌తో దిగాయి. బావ పాత వెర్షనే మళ్లీ పెట్టించుకుని, అప్పటినుంచి నన్ను దాని దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు నేను ‘సరే’ నొక్కితే బావ పని ఆగుతుంది. నొక్కకపోతే కారణం రాయాలి. ‘మా బావ’ అనేది సాంకేతిక కారణం కాదు.

అందుకని తప్పులు వెతికాను. ఇక్కడ ఖాళీ ఎక్కువైందన్నాను, అక్కడ వివరణ చాలదన్నాను, ఒక పేరు బాగాలేదన్నాను. ఆమె ప్రతిదీ థాంక్స్ చెప్పి మరీ సరిదిద్దింది. మర్యాదస్తులతో ఇదే ఇబ్బంది. వారం తిరిగేసరికి అంత శుభ్రమైన కోడ్ నేనెప్పుడూ చూడలేదు, దాంట్లో నేను దాక్కోవడానికి చోటే లేదు. శుక్రవారంలోగా తేల్చమని మేనేజర్ రాశాడు.

గురువారం చందుర్తి మీదుగా వెళ్లే బస్సెక్కి, వేములవాడలో మారి సిరిసిల్ల చేరాను. బావ కంప్యూటర్‌కు దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంది. తప్పుడు రంగు బార్డర్ ఉన్న చీర ముక్క. నిరుటి సంగతి బావ నోటితో అనే పని లేకుండా కప్పాడు.

కొత్త వెర్షన్ వేస్తానన్నాను.

“నడుస్తున్న మగ్గాన్ని ఎవడన్న ఇప్పుతడా బామ్మర్ది?”

“ఇప్పకుంటే రేపటిసంది నడవది బావా.”

“నిరుడు గూడ గిట్లనే చెప్పినవ్.”

బతిమాలితే, ఒక పాత డిజైన్‌ను మా ట్రయల్ సర్వర్‌కు పంపి చూడటానికి మాత్రం ఒప్పుకున్నాడు. కొత్త మార్పు అక్కడ నడుస్తోంది. బావే పంపాడు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు, తప్పని కూడా రాలేదు. బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అక్క టీ తెచ్చింది. గ్లాసులు ఖాళీ అయ్యాయి. నేను నోరు తెరవబోతే ఆపాడు.

“ఆగు. సోంచాయిస్తున్నట్టుంది.”

అది ఆలోచించడం లేదు. సర్వర్ కొత్త పలకరింపు కోసం, పాత కంప్యూటర్ బదులు కోసం, బావ ఆ రెండింటి కోసం ఎదురుచూస్తున్నారు. వారం రోజులు ఖాళీలు లెక్కపెట్టిన నాకు అసలైన తప్పు అప్పటిదాకా కనపడలేదు.

అక్కడే కూర్చుని ఫోన్‌లో రాశాను: పాతవాళ్లను కాదనేటప్పుడు, కాదంటున్నామని వాళ్లకు చెప్పాలి, లేకపోతే మా బావ సాయంత్రం దాకా ఇలాగే కూర్చుంటాడు. బావ సంగతి చెరిపేద్దామనుకుని ఉంచేశాను. నిజమే, ఆ చెప్పేదేదో మీరే రాయండి అని ఆమె జవాబిచ్చింది. ఈ వెర్షన్ ఇక పనిచేయదు, మీకు దీన్ని పెట్టిచ్చినవారిని పిలవండి అని ఇంగ్లిష్‌లో రాసిచ్చాను. శుక్రవారం ‘సరే’ నొక్కాను.

సోమవారం బావ ఫోన్ చేశాడు. స్క్రీన్ మీది ఇంగ్లిష్ మాటలన్నీ ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి వినిపించాడు.

“పెట్టినోన్ని పిలువుమని మిషనే రాసింది బామ్మర్ది. నువ్వు చెప్తే నమ్మకపోతుంటి. ఎప్పుడస్తవ్?”

అది రాసింది ఎవరో చెప్పలేదు. మళ్లీ బస్సెక్కాను. నేను వెళ్లేసరికి కంప్యూటర్ మీది గుడ్డ తీసి, మడిచి, నేను కూర్చోవాల్సిన కుర్చీలో పరిచి ఉంచాడు. అప్‌డేట్ అయ్యాక రంగుల వరుస మూడుసార్లు చూపించమన్నాడు. మూడుసార్లూ సరిగ్గానే ఉంది. గుడ్డను మాత్రం, నేను లేచాక కూడా, బావ కుర్చీలోంచి తీయలేదు.