ఖాళీ మంచం పోస్టరు

అద్దె గదిలో రెండు మంచాలు, మనిషి ఒక్కతే. అకౌంట్స్ చదివే ఆ అమ్మాయికి క్లాసులో పెట్టిన పేరు మూగనోము. పక్క మంచం పిల్ల చదువైపోయి వెళ్లిపోయాక గదిలో నిశ్శబ్దం ఎంత చిక్కబడిందంటే, దోమ కూడా చెవి దగ్గరికొచ్చి పాడనా వద్దా అని మొహమాటపడేది. ఇంకో మనిషి రావాలి. గురక పెట్టే మనిషైనా ఫరవాలేదు.

కాలేజీ నోటీసు బోర్డుకని పోస్టరు రాసింది. కిటికీ, ఫ్యాను, నీళ్లు, ఇంటావిడ మంచితనం, అన్నీ నాలుగు రంగుల్లో కుక్కింది.

ఇంటావిడ చూసి, "ఇదేంటమ్మాయ్, రైళ్ల టైంటేబులా? చదవడం అయ్యేసరికి వాళ్ల చదువులే అయిపోతాయి!" అంది.

అన్నట్టే అయింది. బోర్డుకెదురుగా స్తంభానికి ఆనుకుని చూస్తే, జనం కళ్లు పోస్టరు మీంచి జారిపోతున్నాయి. అక్షరాలు పెంచింది. లాభం లేదు. విసుగొచ్చి అన్నీ పీకి పారేసింది. పెద్ద తెల్లకాగితం, ఒక మూల చిన్న మంచం బొమ్మ, పక్కన "ఖాళీ" అన్న మాట, కింద చిరునామా. అంతే.

జనం ఆగారు. ఆ తెల్లటి జాగాయే వాళ్లని చొక్కా పట్టుకుని ఆపుతోంది! నోరు విప్పకుండానే ఇంతమందిని పలకరించొచ్చా? ఆమె సాయంత్రందాకా ఆ స్తంభం వదల్లేదు.

మర్నాటి నుంచీ మెట్ల మీద అడుగుల చప్పుడే. కానీ మంచం ఎవరికీ అక్కర్లేదు.

"మా నాటకానికో పోస్టరు చేసిపెట్టవా? గ్రాఫిక్ డిజైనా నువ్వు చదివేది?" అంది మొదట వచ్చినమ్మాయి.

"కాదు, అకౌంట్స్."

"అయ్యో పాపం!"

చేసింది. ఆ తర్వాత ఇంకోటి, మరోటి. ఒక అక్షరాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ అన్నం మాటే మరిచిపోయేది. పోస్టరు చేతికందగానే వచ్చినవాళ్లు చక్కాపోయేవాళ్లు. కూర్చోమన్నా కూర్చునేవాళ్లు కాదు.

ఒక సాయంత్రం పెట్టె పట్టుకుని ఒకమ్మాయి గుమ్మంలో నిలబడింది. "అక్కా, పోస్టరు చూసి వచ్చాను. మంచం ఇంకా ఖాళీయేనా?"

మంచం నిండా తడి ఆరని పోస్టర్లు. కదిపితే రంగు చెదురుతుంది.

"ఖాళీయే... ఇవి ఆరనీ. రేపు రా."

"సరే అక్కా."

మర్నాడు రాలేదు. వేరే గది దొరికిందట. పోస్టరు మనిషిని గుమ్మందాకా తెచ్చింది. వెనక్కి పంపింది తనే. ఆమె చాలాసేపు ఏడ్చింది, అదీ కాగితాలకి దూరంగా జరిగి.